గేటు ఎక్కడుంది? (సెలవుల ప్రయాణానికి ఎప్పుడు అప్లై చెయ్యాలి అనే ప్రశ్న వెనక కథ)

2025 మే నెల. తెల్లవారుజామున శంషాబాద్ ఎయిర్‌పోర్టు. లండన్‌లో మా బావమరిది కొడుక్కి అన్నప్రాసన, దాంతోపాటు పిల్లదాని వేసవి సెలవులు, రెండూ కలిసొస్తాయని ముగ్గురం బయల్దేరాం. నాకూ మా ఆవిడకీ వీసాలు రెండు నెలల ముందే తీసుకున్నాను. మా పాప డాలస్‌లో పుట్టింది, అమెరికా పాస్‌పోర్టు. "దానికి వీసా గోలే లేదు, విమానం ఎక్కడమే" అని ఆఫీసులో అందరితోనూ దర్జాగా చెప్పుకున్నాను కూడా.

కౌంటర్లో అమ్మాయి మూడు పాస్‌పోర్టులూ స్కాన్ చేసి, మూడోది మళ్ళీ స్కాన్ చేసి, "సర్, పాపకి ఈటీఏ ఉందా?" అంది.

"అమెరికన్ పాస్‌పోర్టండీ, వీసా అక్కర్లేదు" అన్నాను, తెలియనివాళ్ళకి చెప్పే గొంతుతో.

"వీసా కాదు సర్, ఈటీఏ. జనవరి నుంచీ అమెరికన్స్‌కి కూడా కావాలి. సిస్టం బోర్డింగ్ పాస్ ఇవ్వట్లేదు."

ఆ తర్వాత సంగతి మీరు ఊహించుకోగలరు. ఫోన్‌లో యాప్ దించుకోవడం, పాస్‌పోర్టు ఫొటో తియ్యడం, ఎయిర్‌పోర్టు లైట్ల మెరుపుకి అది రాకపోవడం, మళ్ళీ తియ్యడం, పదహారు పౌండ్లు కట్టడం. చాలామందికి నిమిషాల్లో వచ్చేస్తుందిట. మాకు రాలేదు. కౌంటర్ మూసే టైమయింది. బిడ్డకి మేనత్త లేకుండా అన్నప్రాసన ఏమిటని మా ఆవిడని పంపించేసి, నేనూ పాపా ట్రాలీ తోసుకుంటూ వెనక్కొచ్చాం. కారెక్కాక అది అడిగింది: "అమ్మకి పర్మిషన్ ఉంది కదా, నాకెందుకు లేదు?"

మంచి ప్రశ్నే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న అమ్మ ఎక్కింది, అమెరికన్ పాస్‌పోర్టు ఉన్న కూతురు ఆగిపోయింది. తప్పు నాదే, సందేహం లేదు. కానీ "ఎన్ని రోజుల ముందు అప్లై చెయ్యాలి" అనే ప్రశ్న అసలు మనుషులకి ఎప్పట్నుంచి మొదలైంది అని ఆరోజు పొద్దున్న పాపని పడుకోబెట్టి చదవడం మొదలుపెడితే, చాలా దూరం పోయింది.

మన తాతముత్తాతల కాలంలో ఓడ ప్రయాణాల్లో ఈ ప్రశ్నకి పెద్దగా అర్థం లేదు. గేటు అవతలి ఒడ్డున ఉండేది. ముందు వెళ్ళాలి, తర్వాత అడగాలి. న్యూయార్కు దగ్గర ఎల్లిస్ ఐలండ్ కేంద్రాన్ని 1892 జనవరి 1న తెరిచారు. యూరప్ నుంచి ఓడలో చౌక టికెట్టు మీద వచ్చినవాళ్ళు దిగి, వరసలో నిలబడి, డాక్టరు కళ్ళు చూసి, ఇన్‌స్పెక్టరు నాలుగు ప్రశ్నలడిగి, సరేనంటే ఊళ్ళోకి. వెనక్కి పంపింది నూటికి ఇద్దరిని మాత్రమే. ఇద్దరే కదా అనుకోవచ్చు, కానీ ఆ ఇద్దరూ అట్లాంటిక్ దాటి వచ్చాక "కాదు" అనిపించుకున్నవాళ్ళు. ఇల్లూ వాకిలీ అమ్ముకుని వచ్చినవాళ్ళూ ఉంటారు అందులో.

అమెరికా అంతకు ముందే, 1891 చట్టంలో, ఒక తెలివైన పని చేసింది. కాదన్న మనిషిని తిరిగి తీసుకెళ్ళే ఖర్చు ఓడ కంపెనీ నెత్తిన పెట్టింది. దాంతో కంపెనీలు తమ డబ్బు తాము కాపాడుకోడానికి హాంబర్గ్‌లాంటి రేవుల్లోనే ప్రయాణికుల్ని పరీక్ష చెయ్యడం మొదలుపెట్టాయి. మన భాషలో చెప్పాలంటే సర్వర్‌లో జరగాల్సిన వాలిడేషన్ కొంత క్లయింట్ వైపుకి జరిగింది. ఆ రోజు శంషాబాద్‌లో నన్ను ఆపింది బ్రిటిష్ ప్రభుత్వోద్యోగి కాదు, విమాన కంపెనీ ఉద్యోగి. ఆ ఉద్యోగానికి ముత్తాత ఈ హాంబర్గ్ రేవులో ఉన్నాడు.

"ఎప్పుడు" అన్న మాట ప్రాణాంతకంగా మారింది 1921లో. ఆ ఏడాది అమెరికా కోటా చట్టం తెచ్చింది. 1910 జనాభా లెక్కల్లో అమెరికాలో ఏ దేశంలో పుట్టినవాళ్ళు ఎంతమంది ఉన్నారో, అందులో 3 శాతాన్ని మాత్రమే ఏటా ఆ దేశం నుంచి రానిస్తారు. పైగా ఏ నెలలోనూ ఏడాది కోటాలో 20 శాతం మించకూడదు. గేటు ఇంకా న్యూయార్కులోనే ఉంది, లెక్కపెట్టడమూ అక్కడే. ఫలితం ఏమైందంటే, ప్రతి నెలాఖరు రాత్రీ ఓడలన్నీ వచ్చి హార్బరు ముఖద్వారం బయట కాచుకుని ఉండేవి. అర్ధరాత్రి పన్నెండు కొట్టి ఒకటో తారీఖు రాగానే గీత దాటడానికి పరుగు. ముందు దాటిన ఓడలోవాళ్ళకి కోటా దొరుకుతుంది, వెనకబడ్డ ఓడలోవాళ్ళకి అయిపోతుంది. పొద్దున్న పదింటికి తత్కాల్ కోసం లాగిన్ చేసి వేలు మౌస్ మీద పెట్టుకుని కూర్చున్నవాళ్ళెవరికైనా ఈ దృశ్యం కొత్తగా చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ పరిగెత్తేవి వేలమంది మనుషులున్న స్టీమర్లు.

ఇందులో నన్ను ఆపేసింది ఆలస్యమైన ఓడలు కాదు, తొందరపడ్డ ఓడలు. గడియారం చూసుకోవడంలో తేడా వచ్చి అర్ధరాత్రికి కొన్ని నిమిషాల ముందే గీత దాటినవీ ఉన్నాయి. వాటిని పాత నెల లెక్కలో వేశారు. పాత నెల కోటా ఎప్పుడో అయిపోయింది. అంటే ఆలస్యం చేస్తేనే కాదు, ముందుగా వస్తే కూడా తప్పే. మనం సాధారణంగా "ఎంత ముందైతే అంత మంచిది" అనుకుంటాం కదా, ఈ వ్యవహారంలో అది ఆనాటి నుంచే చెల్లదు.

1924లో ఈ గందరగోళానికి తెర దించారు. లెక్కపెట్టే పనిని న్యూయార్కు నుంచి తీసేసి, ప్రపంచమంతటా ఉన్న అమెరికా కాన్సులేట్లకి అప్పగించారు. ముందు కాన్సల్ దగ్గర వీసా తీసుకో, తర్వాత టికెట్టు కొనుక్కో. మొట్టమొదటిసారి గేటు పూర్తిగా సముద్రం ఈవలికి వచ్చింది. (ఆ చట్టంలోనే ఆసియా వాళ్ళని దాదాపు మొత్తంగా బయటపెట్టారు. మనవాళ్ళని 1917లోనే బయటపెట్టారనుకోండి.)

మనవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి కొమగాటా మారు గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. స్కూల్లో స్వాతంత్ర్యోద్యమం పాఠంలో రెండు లైన్లలో చదివి వదిలేసిన పేరు. అసలు అది అప్లికేషన్ కథ.

కెనడా 1908లో ఒక ఆర్డరు తెచ్చింది. పుట్టిన దేశం నుంచో పౌరసత్వమున్న దేశం నుంచో మధ్యలో ఆగకుండా, అక్కడే కొన్న టికెట్టు మీద నేరుగా వస్తేనే లోపలికి. ఆసియా వాళ్ళయితే చేతిలో 200 డాలర్లు చూపించాలి. ఎక్కడా "ఇండియన్లు రాకూడదు" అని ఉండదు. ఉండనక్కర్లేదు. ఇండియా నుంచి కెనడాకి నేరుగా వెళ్ళే ఓడ లేదు, నడపగల కంపెనీని నడపకుండా ఆపారు. అంటే ఫారం ఉంది, నిబంధన ఉంది, తీర్చే మార్గం మాత్రం లేదు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లోనే ఫెయిలయ్యేట్టు రాసిన టెస్ట్ కేసు.

గుర్‌దిత్ సింగ్ అనే వ్యాపారి కొమగాటా మారు అనే జపాన్ ఓడని అద్దెకి తీసుకుని 1914 ఏప్రిల్‌లో హాంగ్‌కాంగ్ నుంచి బయల్దేరాడు. షాంఘై, జపాన్ రేవుల్లో మరికొందరిని ఎక్కించుకుని మొత్తం 376 మందితో మే 23న వాంకూవర్ చేరాడు. ఎక్కువమంది సిక్కులు, కొందరు ముస్లింలు, కొందరు హిందువులు. అందరూ బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలే, కెనడా కూడా అదే సామ్రాజ్యం. రెండు నెలలు ఓడని రేవు దగ్గరే నిలబెట్టారు. తిండికీ నీళ్ళకీ కటకట. అంతకు ముందే కెనడాలో ఉండి వచ్చిన ఓ ఇరవైమందిని మాత్రం దిగనిచ్చి, మిగతావాళ్ళని జూలై 23న యుద్ధనౌక కాపలాతో వెనక్కి పంపేశారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్ చేరాక పోలీసు కాల్పుల్లో ఇరవైమంది దాకా చనిపోయారు. కెనడా ప్రధాని ట్రూడో తమ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2016లో. నూట రెండేళ్ళు.

ఇక్కడినుంచి అడుగు ఇండియాలోకి వెయ్యాలి, ఎందుకంటే గేటుకి రెండోవైపు ఉంది. లోపలికి రానిచ్చే గేటు ఒకటి, బయటికి పోనిచ్చే గేటు ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియా నుంచి వెళ్ళడానికీ రావడానికీ పాస్‌పోర్టు తప్పనిసరి చేసింది. యుద్ధం అయిపోయింది, 1920లో దానికో చట్టం వచ్చింది, పాస్‌పోర్టు ఉండిపోయింది. "టెంపరరీ ఫిక్స్" అని పెట్టినవి ప్రొడక్షన్‌లో ఎంతకాలం ఉంటాయో మనకి తెలియనిదా!

స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం పాస్‌పోర్టు ఒక దయ. ఇవ్వడం, ఇవ్వకపోవడం, ఇచ్చింది లాక్కోవడం, అంతా ప్రభుత్వం ఇష్టం. ఇవ్వకూడదనుకుంటే కారణం చూపించమనే చట్టం లేదు. దాన్ని మార్చింది మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. ఆంధ్ర రాష్ట్రానికి గుంటూరులో హైకోర్టు పెట్టినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే, తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి పాస్‌పోర్టులు వెనక్కిచ్చెయ్యమని 1966లో ప్రభుత్వం ఆదేశిస్తే ఆయన సుప్రీంకోర్టుకెళ్ళాడు. 1967 ఏప్రిల్ 10న తీర్పు. విదేశాలకి వెళ్ళగలగడం రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తిస్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా దాన్ని తీసెయ్యడానికి వీల్లేదు. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. ఒక్క ఓటు అటు పడితే మన కథ వేరేగా ఉండేది. మర్నాడే సుబ్బారావు గారు రాష్ట్రపతి ఎన్నికలో నిలబడటానికి రాజీనామా చేశారు, జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. ఎన్నిక ఓడిపోయిన సంగతి చాలామందికి గుర్తుంది. ఆ తీర్పు వల్లే ప్రభుత్వం పరుగులు పెట్టి జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం తెచ్చిందని, మన జేబులో ఉన్న పాస్‌పోర్టు ఆ చట్టం కిందే వచ్చిందని ఎంతమందికి తెలుసు? నాకూ తెలీదు, ఆ రోజు దాకా.

చట్టం వచ్చినంత మాత్రాన సెలవులకి విదేశాలు తిరిగేశామని కాదు. టికెట్టు కొనాలంటే రిజర్వు బ్యాంకు 'పి ఫారం', చేతికి ఎనిమిది డాలర్లు. మా పెదనాన్నగారు చెబుతూ ఉండేవారు ఆ కథలు. తర్వాత మన తరం వచ్చింది. అమెరికా వీసా అంటే మద్రాసు వెళ్ళాలి. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఫైలు గుండెకి హత్తుకుని పడుకుని, పొద్దున్నే జెమినీ సర్కిల్ దగ్గర క్యూ. హైదరాబాదులో కాన్సులేట్ వచ్చింది 2008 అక్టోబర్‌లో. దానికి చాలా ముందు నుంచే మనవాళ్ళు చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చెయ్యడం, వీసా వచ్చాక నూట ఎనిమిది చెల్లించడం అలవాటు చేసుకున్నారు. నవ్వేవాళ్ళు నవ్వుతారు గానీ, మొక్కుకి కూడా ముందు కొంత, పని అయ్యాక మిగతాది అని టైమ్‌లైన్ ఉండటం నాకు భలే నచ్చుతుంది.

సరే, మళ్ళీ మా పాప దగ్గరికొద్దాం. వీసా అక్కర్లేనివాళ్ళకి గేటు ఎలా వచ్చింది?

విమానాలొచ్చాక ఏ దేశస్తుడికి ఏ దేశంలో ఏ కాగితం కావాలో గుర్తుపెట్టుకోవడం మనుషుల వల్ల కాలేదు. 1963లోనే విమాన కంపెనీల సంఘం ఐయాటా ఆ సమాచారమంతా ఒకచోట చేర్చడం మొదలుపెట్టింది. అదే ఇవాళ్టి టిమాటిక్. కౌంటర్లో అమ్మాయి తెరమీద కనిపించే సమాధానాలు సాధారణంగా దాంట్లోంచే వస్తాయి. తర్వాతి అడుగు ఆస్ట్రేలియాది. ఒక్క న్యూజిలాండ్ తప్ప అందరికీ వీసా ఉండాలన్నది వాళ్ళ పట్టు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వస్తున్నాయి, లక్షలమందికి స్టాంపులు కొట్టడం కుదరదు. 1996లో వాళ్ళు ఈటీఏ అని తెచ్చారు. ట్రావెల్ ఏజెంటు టికెట్టు బుక్ చేసే కంప్యూటర్లోంచే అడుగుతాడు, అక్కణ్ణుంచి సరేనని వస్తుంది. పాస్‌పోర్టులో స్టాంపు లేదు, స్టిక్కరు లేదు. డేటాబేసులో ఒక రికార్డు, అంతే. వీసా మొదటిసారి కంటికి కనిపించడం మానేసింది.

అమెరికా 1986 చట్టంతో వీసా మినహాయింపు పథకం పెట్టి 1988లో బ్రిటన్‌తో మొదలుపెట్టింది, తర్వాత జపాన్. ఇరవయ్యేళ్ళపాటు వాళ్ళు ఏమీ అడక్కుండా విమానమెక్కారు. 9/11 తర్వాత 2007లో చేసిన చట్టం ప్రకారం ఎస్టా వచ్చింది, 2009 జనవరి 12 నుంచి తప్పనిసరి. మొదట ఉచితం. 2010లో 14 డాలర్లయింది, 2022లో 21, 2025 సెప్టెంబరు 30 నుంచి 40. ఒకసారి టోల్ గేటు పెట్టాక రేటు తగ్గిన సందర్భం నాకైతే తెలీదు. కెనడా 2016లో, న్యూజిలాండ్ 2019లో, కొరియా 2021లో పెట్టాయి. శ్రీలంక 2012లోనే పెట్టింది, అది మనకీ వర్తించింది. బ్రిటన్ 2023 నవంబరులో కతార్ వాళ్ళతో మొదలుపెట్టి, అమెరికన్లకి 2025 జనవరి 8 నుంచి, యూరప్ వాళ్ళకి ఏప్రిల్ 2 నుంచి తప్పనిసరి చేసింది. వందేళ్ళ క్రితం న్యూయార్కులో ఉన్న గేటు కాన్సులేట్‌కి, అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టు కౌంటర్‌కి, ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చేసింది. నేనేమో అది ఇంకా హీత్రూలో ఉందనుకుని బయల్దేరాను.

ఇప్పుడు "ఎప్పుడు" అన్నదానికి సమాధానం ఎందుకు ఒకటే లేదో తెలుస్తుంది. గేటు ఎక్కడ ఉందో దాన్నిబట్టి గడువు. మనుషులు ఫైలు చదివే చోట నెలలు. షెంగెన్ వీసాకి 2010లో వచ్చిన నియమావళి ప్రయాణానికి మూడు నెలల ముందు తప్ప తీసుకోమంది. వేసవిలో ఆ మూడు నెలల్లోనే అందరూ పడేసరికి అపాయింట్‌మెంట్లు దొరికేవి కావు. మా టీమ్‌లో ఒకతను పెళ్ళయిన కొత్తలో పారిస్ అని టికెట్లు కొని, స్లాటు దొరక్క చివరికి కూర్గ్ వెళ్ళొచ్చాడు. 2020 ఫిబ్రవరి నుంచి దాన్ని ఆరు నెలలు చేశారు (ఓడల్లో పనిచేసేవాళ్ళకి తొమ్మిది, పాపం వాళ్ళు ఎప్పుడు ఒడ్డున ఉంటారో వాళ్ళకే తెలీదు). కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా పదిహేను రోజులు, అవసరమైతే నలభై అయిదు. కాబట్టి కాగితం మీద పదిహేను, మన లెక్కలో రెండు నెలలు తక్కువ కాదు. మరీ ఆర్నెల్ల ముందు ఇస్తే ఇంకో చిక్కు. అప్పటికి లీవు గ్యారంటీ ఉండదు, బ్యాంకు స్టేట్‌మెంట్ పాతదవుతుంది, అప్లికేషన్ నడిచినన్నాళ్ళూ పాస్‌పోర్టు మన దగ్గర ఉండకపోవచ్చు. ఆ మధ్యలో ఆన్‌సైట్ పిలుపొచ్చిందా, గోవిందా.

మెషీన్ చదివే చోట రోజులు. ఎస్టాకి కనీసం 72 గంటల ముందు, బ్రిటన్ ఈటీఏకి మూడు పనిదినాలు అంటారు. చాలావరకు నిమిషాల్లోనే వస్తాయి. ఆ "చాలావరకు"లో మనం లేకపోతే చెప్పే దిక్కు ఉండదు. వీటికి ముందుగా చేసినా నష్టం లేదు, రెండేళ్ళు పనిచేస్తాయి. టికెట్టు కొన్న రోజే చేసేసుకోవడం ఉత్తమం. అదీ ప్రభుత్వం సైట్‌లోనే. గూగుల్‌లో పైన కనిపించే దళారీ సైట్లు అదే ఫారం నింపి మూడు రెట్లు గుంజుతాయి.

ఇంకో రకం ఉన్నాయి, న్యూయార్కు హార్బరు ఓడల్లాంటివి. థాయిలాండ్ 2025 మే నుంచి ఆన్‌లైన్ అరైవల్ కార్డు పెట్టింది, అది చేరడానికి మూడు రోజుల లోపలే నింపాలి. సింగపూర్‌దీ అంతే. నాలాంటివాడు జాగ్రత్తపడి పది రోజుల ముందు కూర్చుంటే సైటు తేదీ తీసుకోదు. మన దేశం కూడా తక్కువ తినలేదు. 2014 నవంబరులో విదేశీ టూరిస్టులకి ఈ-వీసా మొదలుపెట్టినప్పుడు 30 రోజుల కంటే ముందు కాదు, నాలుగు రోజుల కంటే తర్వాత కాదు అని కిటికీ పెట్టింది. మా పాపకి ఓసీఐ ఉంది కాబట్టి ఆ బాధ లేదు. అన్నట్టు తొలి ఓసీఐ కార్డులు ఇచ్చింది మన హైదరాబాదులోనే, 2006 జనవరి ప్రవాసీ భారతీయ దివస్‌లో.

పాప ఈటీఏ ఆ రోజు పదకొండు గంటలకి వచ్చింది. మెయిల్ చూసేటప్పటికి వాళ్ళమ్మ విమానం సగం దూరం పోయి ఉంటుంది. మర్నాటి టికెట్టుకి కట్టిన తేడా ఎంతో ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది. మేం చేరేసరికి అన్నప్రాసన అయిపోయింది. బుడ్డోడు పాకుకుంటూ వెళ్ళి పెన్ను పట్టుకున్నాడుట, వీడియో చూపించారు. పాప ఆ వీడియో నాలుగుసార్లు చూసి, "నేనుంటే నా క్రేయాన్స్ పెట్టేదాన్ని" అంది.

ఇంటికొచ్చాక ఒక షీటు తయారుచేశాను. ముగ్గురి పాస్‌పోర్టులు, వీసాలు, వాటి గడువులు, ఏ దేశానికి ఎన్ని రోజుల ముందు అనే కాలమ్. నింపుతుంటే కనిపించింది. పిల్లల అమెరికన్ పాస్‌పోర్టు అయిదేళ్ళే, దానిది రెండేళ్ళు కూడా మిగల్లేదు. ఈటీఏ పాస్‌పోర్టు నంబరుకి కట్టి ఉంటుంది, పాస్‌పోర్టుతోపాటే అదీ పోతుంది. రెన్యువల్‌కి తల్లీతండ్రీ ఇద్దరం పాపతో కలిసి కాన్సులేట్‌కి వెళ్ళాలి. అపాయింట్‌మెంట్ సైటు తెరిచి ఒక ట్యాబ్‌లో ఉంచాను.